చార్టర్ సెయిలింగ్ బోట్ తీసుకుంటున్నారా? కీల్ ఎలా చెక్ చెయ్యాలి, నేలకి తగిలితే ఏం చెయ్యాలి

హుస్సేన్ సాగర్‌లో ఆప్టిమిస్ట్, లేజర్ లాంటి చిన్న బోట్ల మీద సెయిలింగ్ నేర్చుకున్నవాళ్లకి బోట్ అడుగు తగలడం పెద్ద విషయమే కాదు, డాగర్‌బోర్డ్ (కింద నీళ్లలోకి దింపే పలక) కొంచెం పైకి లాగితే బోట్ కదిలిపోతుంది, లోతు రాగానే మళ్లీ దింపుకుని వెళ్లిపోతాం. అదే అలవాటుతో గ్రీస్‌లోనో క్రొయేషియాలోనో 40 అడుగుల బోట్ వారానికి అద్దెకి తీసుకుంటే మాత్రం లెక్క మారిపోతుంది. అక్కడ కింద ఉన్నది చేత్తో లాగే పలక కాదు, కీల్, అంటే సుమారు రెండు టన్నులు లేదా అంతకంటే ఎక్కువ బరువుండే ఇనుము, కొన్ని బోట్లకి సీసం, అది స్టీల్ బోల్టులతో ఫైబర్‌గ్లాస్ హల్‌కి, అంటే బోట్ బాడీకి, వేలాడుతూ ఉంటుంది. గాలికి పక్కకి వాలిన బోట్‌ని మళ్లీ లేపేది ఆ బరువే, అది ఊడిపోతే బోట్ నిమిషాల్లో, ఒక్కోసారి సెకన్లలోనే బోర్లా పడుతుంది.

కీల్ ఊడటం చాలా అరుదు, ఆ మాట ముందే చెప్తున్నా, ఎవరినీ భయపెట్టి ట్రిప్ మానిపించాలని కాదు. కానీ కీల్ దెబ్బ తినడం మాత్రం అరుదు కాదు. చార్టర్ బోట్ ఏప్రిల్ చివరి నుంచి అక్టోబర్ దాకా వారానికో కొత్త క్రూ చేతిలోకి వెళ్తుంది, శనివారం ఒకళ్లు దిగుతారు అదే సాయంత్రం ఇంకొకళ్లు ఎక్కుతారు, మధ్యలో ఎవరో ఒకరు ఏదో ఒక రాయికి తగిలిస్తారు, డిపాజిట్ పోతుందేమో అని నోరు విప్పరు. ఆ దెబ్బ మీద ఇంకో దెబ్బ పడుతుంది, అదీ ఎవరికీ తెలీదు. అందుకే కింద రాసేదాంట్లో సగం మీ ప్రాణం కోసం, సగం మీ తర్వాత ఎక్కేవాళ్ల కోసం, నా వరకు రెండూ సమానమే.

దెబ్బ ఎక్కడ పడుతుందో ముందు అర్థం చేసుకోండి

ఇది తెలిస్తే ఎక్కడ చూడాలో మీకే తెలిసిపోతుంది. బోట్ 6 నాట్ల స్పీడ్‌లో, అంటే గంటకి దాదాపు 11 కిలోమీటర్లు, వెళ్తూ రాయికి కొట్టిందనుకోండి, కీల్ కింది కొస అక్కడే ఆగిపోతుంది, పైన ఉన్న ఏడెనిమిది టన్నుల బోట్ మాత్రం ముందుకే తోసుకెళ్తుంది. అప్పుడు కీల్ పైభాగం హల్ దగ్గర తిరగబోతుంది, ముందు అంచు హల్ నుంచి కిందకి లాగబడుతుంది, వెనక అంచు హల్‌లోకి పైకి పొడుచుకొస్తుంది. కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సింది రెండు చోట్లు: బయట కీల్ ముందు అంచు హల్‌ని కలిసే జాయింట్, లోపల అన్నిటికంటే వెనకున్న కీల్ బోల్టులు, వాటి వెనక భాగం. చాలామంది కీల్ కొస మీద గీతలు చూసి ఏం కాలేదులే అనుకుంటారు, కొస మీద గీతలు అసలు సమస్యే కాదు, పైన జాయింట్ దగ్గర ఏమైందన్నదే విషయం.

స్పీడ్ గురించి ఒక మాట. దెబ్బ బలం స్పీడ్‌కి స్క్వేర్‌లో పెరుగుతుంది, 3 నాట్ల మీద తగిలిన దానికంటే 6 నాట్ల మీద తగిలింది రెండింతలు కాదు, నాలుగింతలు. తెలియని బే లోకి నెమ్మదిగా వెళ్లండి అని అందరూ చెప్పేది ఇందుకే.

ఇంకో సంగతి, ఇప్పుడు వచ్చే చాలా ప్రొడక్షన్ బోట్లలో హల్ లోపల ఫైబర్‌గ్లాస్ గ్రిడ్ ఒకటి ఉంటుంది, మ్యాట్రిక్స్ అని కూడా అంటారు. దాన్ని విడిగా అచ్చు పోసి హల్‌కి గమ్‌తో అతికిస్తారు, కీల్ బరువుని హల్ అంతటా పంచేది అదే. దెబ్బకి ఆ అతుకు విడిపోవచ్చు. పైకి గ్రిడ్ నిక్షేపంగా కనిపిస్తుంది, కింద మాత్రం హల్‌ని వదిలేసి ఉంటుంది, ఫ్లోర్‌బోర్డులు ఎత్తి చూసినా మామూలు కంటికి దొరక్కపోవచ్చు.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. 2014 మే నెలలో చీకీ రఫీకీ అనే బెనెటో ఫస్ట్ 40.7 బోట్ యాంటిగ్వాలో రేసులు అయ్యాక ఇంగ్లండ్ సౌతాంప్టన్‌కి తిరిగి వెళ్తూ కెనడా నోవా స్కోషియాకి 700 మైళ్ల పైన దూరంలో అట్లాంటిక్‌లో కీల్ ఊడి బోర్లా పడింది, అందులో ఉన్న నలుగురూ పోయారు. బోట్‌లోకి నీళ్లొస్తున్నాయని వాళ్లు ముందే మెసేజ్ పంపారు. తర్వాత అమెరికన్ నేవీకి బోర్లా పడ్డ హల్ దొరికింది, లైఫ్ రాఫ్ట్ దాని చోటులోనే కట్టేసి ఉంది, అంటే దాన్ని తియ్యడానికి కూడా టైమ్ దొరకలేదు. బ్రిటన్‌లో మెరైన్ యాక్సిడెంట్లు విచారించే ఎంఏఐబీ 2015లో రిపోర్ట్ ఇచ్చింది. పాత గ్రౌండింగ్‌లూ (బోట్ అడుగు నేలకి తగలడాలు) వాటికి చేసిన రిపేర్లూ కలిసి నిర్మాణాన్ని బలహీనం చేసి ఉండొచ్చని, చిన్నగా తగిలిన గ్రౌండింగ్ కూడా బయటికి కనిపించకుండా బలాన్ని బాగా తగ్గించగలదని అందులో ఉంది. ఆ చిన్నగా తగిలిన అన్న ముక్క ప్రతి స్కిప్పర్ గుర్తుంచుకోవాలి.

మొదటి పని బుకింగ్ దగ్గరే

ఫోటోలు, ఏసీ, సోలార్ ప్యానెల్ ఉందా లేదా అన్నీ అడుగుతాం కదా, వాటితో పాటు మూడు ప్రశ్నలు ఈమెయిల్‌లో అడగండి, ఫోన్‌లో కాదు, రాసింది ఉండాలి. ఈ బోట్ ఆఖరుసారి నీళ్లలోంచి ఎప్పుడు లిఫ్ట్ చేశారు, కీల్ జాయింట్ ఎవరు చూశారు. గత సీజన్‌లో గానీ ఈ సీజన్‌లో గానీ గ్రౌండింగ్ రిపోర్ట్ అయ్యిందా, అయితే ఏం రిపేర్ చేశారు. డ్రాఫ్ట్ ఎంత, అంటే నీటిమట్టం నుంచి కీల్ కొస దాకా ఎన్ని మీటర్లు. ఒకే మోడల్ బోట్ డీప్ కీల్‌తో 2 మీటర్ల పైన ఉంటుంది, షాలో కీల్‌తో 1.6 దగ్గర ఉంటుంది, వెబ్‌సైట్‌లో ఒకటి పెట్టి ఇంకొకటి ఇచ్చే అవకాశం ఉంది. మంచి బేస్ (బోట్ అప్పజెప్పే చార్టర్ కంపెనీ ఆఫీసు) అయితే వీటికి విసుక్కోకుండా జవాబు ఇస్తుంది, జవాబు ఎగ్గొట్టిన దగ్గర నేనైతే బుక్ చెయ్యను.

డిపాజిట్ పేపర్ కూడా అప్పుడే చదవండి. బోట్ సైజుని బట్టి 2000 నుంచి 4000 యూరోల దాకా మామూలు. డ్యామేజ్ వేవర్ (బోట్ దెబ్బ తింటే మన బాధ్యత తగ్గించే ఫీజు) కట్టాం కదా అన్నీ కవర్ అనుకోవద్దు, కొన్ని కాంట్రాక్టుల్లో బోట్ అడుగు భాగానికి వేరే రూల్ ఉంటుంది, నిర్లక్ష్యం అని తేలితే వర్తించదని ఉంటుంది. డిపాజిట్‌కి విడిగా ఇన్సూరెన్స్ దొరుకుతుంది, ట్రిప్ మొత్తం ఖర్చులో అది చిన్న మొత్తం. దాని అసలు లాభం డబ్బు కాదు, ఏదైనా తగిలినప్పుడు భయం లేకుండా నిజం చెప్పగలుగుతారు. అందుకే తీసుకోమంటాను.

కాటమరాన్ తీసుకునేవాళ్లకి ఒక మాట చెప్పి వదిలేస్తా. దానికి రెండు పొట్టి కీల్స్ ఉంటాయి, బోట్ నిలబడేది వాటి బరువు మీద కాదు వెడల్పు మీద, కాబట్టి కీల్ విరిగినా బోర్లా పడదు, కానీ నీళ్లు లోపలికి రావచ్చు, చుక్కానులూ ప్రొపెల్లర్లూ దెబ్బ తినొచ్చు. మిగతాదంతా ఒక హల్ ఉన్న బోట్ల గురించే.

చెక్-ఇన్ రోజు: ఫ్లోర్‌బోర్డులు ఎత్తండి

శనివారం సాయంత్రం అందరూ ఎండలో అలిసిపోయి ఉంటారు, సూపర్ మార్కెట్ సామాను డెక్ మీద ఉంటుంది, పిల్లలు ఈతకి వెళ్దాం అంటారు, బేస్ కుర్రాడికి ఇంకా నాలుగు బోట్లు అప్పజెప్పాల్సి ఉంటుంది. సరిగ్గా ఈ హడావిడిలోనే కీల్ చెక్ ఎగిరిపోతుంది. కాబట్టి సామాను లోపల సర్దకముందే, ఫ్లోర్ ఖాళీగా ఉన్నప్పుడే చెయ్యండి, ఒక టార్చ్, ఒక స్పాంజ్, టిష్యూ పేపర్ రోల్, ఫోన్ కెమెరా చాలు.

సెలూన్ (లోపల కూర్చునే హాలు) మధ్యలో ఉన్న ఫ్లోర్‌బోర్డులు అన్నీ ఎత్తండి, ఒక్కటి కాదు అన్నీ. అవి బిగుసుకుపోయి రావట్లేదా, లేదా ఎత్తాక మళ్లీ కూర్చోవట్లేదా, అది నోట్ చెయ్యండి. తలుపులు చూడండి, క్యాబిన్ తలుపు ఒక మూల రాసుకుంటోందా. గట్టిగా గ్రౌండ్ అయిన బోట్‌లో హల్ కొంచెం ఆకారం మారి ఇలాంటివి కనిపిస్తాయి. తేమకి ఉబ్బిన చెక్క కూడా కావచ్చు, ఒక్క గుర్తు చూసి తీర్పు ఇవ్వొద్దు, రెండు మూడు కలిస్తే మాత్రం అనుమానించాల్సిందే.

కీల్ బోల్టులు కనిపిస్తాయి, పెద్ద నట్లు, వాటి కింద ప్లేట్లు. నట్ మీద కొంచెం తుప్పు మరక ఉంటే కంగారు పడక్కర్లేదు. ప్లేట్ కింద నుంచి తుప్పు నీళ్లు కారిన చార ఉంటే, ప్లేట్ హల్‌లోకి దిగబడినట్టు ఉంటే, నట్ చుట్టూ జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ పైన ఉండే నున్నటి పూత) మీద నక్షత్రంలా పగుళ్లు ఉంటే అడగాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ గాలి తగలని చోట నిలవ నీళ్లలో లోపల్లోపల తినేసుకుపోతుంది, పైన నట్ మెరుస్తూ ఉన్నా జాయింట్ మధ్యలో బోల్ట్ సన్నబడి ఉండొచ్చు, అందుకే జాయింట్‌లోకి నీళ్లు దిగిన గుర్తు బోల్ట్ మెరుపు కంటే ముఖ్యం. నట్లు మీరు బిగించే పని మాత్రం పెట్టుకోవద్దు, దానికి లెక్క ప్రకారం టార్క్ ఉంటుంది.

ఇప్పుడు గ్రిడ్. అడ్డంగా నిలువుగా వెళ్లే దిమ్మెలు హల్‌ని కలిసే మూలల వెంట టార్చ్‌ని పక్క నుంచి వాల్చి పట్టుకుని చూడండి, నేరుగా వేస్తే పగులు కనిపించదు. సన్నటి గీత, తెల్లగా పాలిపోయిన ఫైబర్‌గ్లాస్, మూల దగ్గర వెంట్రుక దూరేంత సందు, ముఖ్యంగా ఆఖరి బోల్టుల వెనక. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి, గట్టిగా అతుక్కున్న చోట టక్ టక్ మంటుంది, విడిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది. ఇది సర్వేయర్ (బోట్లు పరీక్షించే నిపుణుడు) చేసే పరీక్ష కాదు, మీకు అనుమానం తెచ్చే పరీక్ష, అంతే. మిగతా బిల్జ్ (ఫ్లోర్‌బోర్డుల కింద హల్ అడుగు భాగం) అంతా పాతగా మాసి ఉండి ఒక్క చోట మాత్రం కొత్త పెయింట్ తెల్లగా కొట్టి ఉంటే దానికి రెండు అర్థాలు, ఒకటి పద్ధతిగా రిపేర్ చేశారు, రెండు అద్దె ఇల్లు చూపించేముందు గోడ పగులు మీద సున్నం కొట్టినట్టు పగులు మూసేశారు. రిపేర్ అయితే బిల్లో రిపోర్టో ఉంటుంది, చూపించమనండి.

బిల్జ్‌లో నీళ్లుంటే ఎక్కడివో తేల్చాలి. ఒక చుక్క వేలితో నాలుకకి తాకించి ఉమ్మేయండి, ఉప్పగా లేకపోతే ట్యాంకుదో షవర్‌దో కావచ్చు, ఉప్పగా ఉంటే సముద్రానిది. తర్వాత స్పాంజ్‌తో పూర్తిగా ఆరబెట్టి ప్రతి బోల్ట్ చుట్టూ, గ్రిడ్ మూలల్లో టిష్యూ పేపర్ ముక్కలు పెట్టి అరగంట తర్వాత రండి. ఏది ముందు తడిసిందో అక్కడ నుంచే వస్తోంది. చాలా సింపుల్ పని, అయినా పెద్ద పెద్ద వాదనలు దీంతో తేలిపోతాయి. మెరీనాలో నిలబడ్డ బోట్‌లో రాని నీళ్లు అలల్లో వాలినప్పుడు రావచ్చు, కాబట్టి మొదటి రోజు సెయిలింగ్ అయ్యాక ఇదే పరీక్ష మళ్లీ చెయ్యండి.

తర్వాత మాస్క్ పెట్టుకుని నీళ్లలోకి దిగండి. మెరీనాలో దిగనివ్వరు, నీళ్లు మురికిగా కూడా ఉంటాయి, అక్కడైతే బేస్ వాళ్ల డైవర్ చూస్తాడా అని అడగండి, లేదంటే దగ్గర్లో ఉన్న మొదటి బే లో లంగరు వేసి, ఇంజిన్ ఆపి, తాళం జేబులో పెట్టుకుని దిగండి. కీల్ ముందు అంచు పై నుంచి కింద దాకా, జాయింట్ చుట్టూ, కింది కొస. జాయింట్ ముందు భాగంలో నోరు తెరిచినట్టు గీత ఉంటే ఫోటో తియ్యండి. ఇనుప కీల్ అయితే సొట్ట పడదు, పెయింట్ లేచి తుప్పు కనిపిస్తుంది, దెబ్బ అంతా పైకి హల్‌కి వెళ్లిపోతుంది. సీసం మెత్తన, కొస నలిగి కొంత దెబ్బని తనే తీసుకుంటుంది. చుక్కానిని చేత్తో పట్టుకుని ఊపి చూడండి, కింది కొస నలిగిందా, వదులుగా కదులుతోందా. గ్రీస్ రేవుల్లో బోట్‌ని వెనక్కి పెట్టి కడతారు కదా, గట్టు కింద పోసిన రాళ్లు నీళ్లలో ముందుకి వచ్చి ఉంటాయి, అక్కడ ముందు తగిలేది చుక్కానే.

చూసినవన్నీ, బాగున్నవి కూడా, ఫోటో తీసి చెక్-ఇన్ షీట్‌లో రాయించి బేస్ మనిషితో సంతకం పెట్టించుకోండి. పగులు ఉంది, సమాధానం సరిగ్గా లేదు అంటే వేరే బోట్ అడగండి. బుకింగ్ డబ్బులు పోతాయని, ఫ్యామిలీ మూడ్ పాడవుతుందని ఊరుకోవద్దు.

డెప్త్ సౌండర్‌ని గుడ్డిగా నమ్మొద్దు

డెప్త్ సౌండర్ అంటే నీటి లోతు చూపించే పరికరం. దాని స్క్రీన్ మీద 2.5 అని ఉందనుకోండి, ఏది 2.5? కొన్ని బోట్లలో అది నీటిమట్టం నుంచి నేల దాకా, కొన్నిట్లో హల్ కింద సెన్సార్ నుంచి, కొన్నిట్లో కీల్ కొస కింద మిగిలిన నీళ్లు. డ్రాఫ్ట్ 2 మీటర్లు ఉన్న బోట్‌లో ఈ తేడా తెలీకపోతే అర మీటరే మిగిలిన చోట రెండున్నర మీటర్లు ఉందనుకుని ముందుకి వెళ్లిపోతారు. బేస్ మనిషి చెప్పింది వినండి, విని ఊరుకోకుండా తాడుకి బరువు కట్టి జెట్టీ పక్కనే సెన్సార్ ఉన్న చోట వదిలి కొలిచి స్క్రీన్‌తో పోల్చుకోండి. పోయిన వారం క్రూ ఎవరో సెట్టింగ్ మార్చి ఉండొచ్చు.

మ్యాప్ విషయానికొస్తే, చార్ట్‌ప్లాటర్‌లో (సముద్ర మ్యాప్ చూపించే స్క్రీన్) జూమ్ తగ్గిస్తే చిన్న రాళ్లు, దిబ్బలు స్క్రీన్ మీద కనిపించకుండా పోతాయి. 2014 నవంబర్‌లో వోల్వో ఓషన్ రేస్‌లో టీమ్ వెస్టాస్ విండ్ బోట్ మారిషస్‌కి ఈశాన్యంలో ఉన్న కార్గాడోస్ కరాజోస్ రీఫ్ మీదకి రాత్రిపూట నేరుగా ఎక్కేసింది, వాళ్లు చూసిన జూమ్‌లో ఆ రీఫ్ సరిగ్గా కనిపించలేదు, అదృష్టం బాగుండి అందరూ బతికారు. ప్రొఫెషనల్ నావిగేటర్లకే అలా అయితే మనం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి. రేపటి రూట్ మొత్తం ముందు రాత్రే ఫుల్ జూమ్‌లో వేలితో జరుపుకుంటూ చూడండి, పేపర్ చార్ట్ బోట్‌లో ఉంటే దాని మీద కూడా.

కొత్త బే లోకి ఎండ మీ వెనక లేదా నెత్తిన ఉన్నప్పుడు వెళ్లండి, పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టి ఒకర్ని ముందు నిలబెట్టండి, చేత్తో చూపించే సైగలు ముందే అనుకోండి, ఇంజిన్ మోతలో అరుపులు వినపడవు. ముదురు నీలం లోతు, లేత ఆకుపచ్చ ఇసుక, గోధుమ రంగు మచ్చ అంటే రాయో గడ్డో, తేల్చుకునేదాకా రాయే అనుకోండి. సాయంత్రం ఎండ ఎదురుగా కొడుతుంటే ఏమీ కనిపించదు, అందుకే చేరే టైమ్ మధ్యాహ్నం మూడు నాలుగు లోపు పెట్టుకుంటే మంచిది, ఖాళీ చోటు కూడా దొరుకుతుంది.

మెడిటరేనియన్‌లో చాలా చోట్ల ఆటుపోట్లు నామమాత్రం, కొన్ని సెంటీమీటర్ల నుంచి పదుల సెంటీమీటర్ల దాకా. ఇంగ్లండ్‌లో నేర్చుకున్నవాళ్లు ఇసుక మీద ఇరుక్కుంటే పోటు వచ్చాక లేస్తుందిలే అనుకుంటారు, ఇక్కడ ఆ ఆశ లేదు.

తగిలింది. ఇప్పుడేంటి?

ముందు మనుషులు. బోట్ ఉన్నపళంగా ఆగితే నిలబడ్డవాళ్లు ఎగిరి పడతారు, కింద వంట చేస్తున్నవాళ్ల మీద వేడినీళ్లు పడొచ్చు, ముందు నిలబెట్టిన మనిషి నీళ్లలో పడి ఉండొచ్చు. తలలు లెక్కపెట్టండి, పేరు పెట్టి పిలవండి, అందరికీ లైఫ్ జాకెట్లు. ఈలోపు తెరచాపలు దింపండి, లేకపోతే గాలి ఇంకా పైకి తోసేస్తుంది.

వెంటనే రివర్స్ గేర్ వేసి ఇంజిన్ అరిపించాలని చెయ్యి లాగుతుంది, ఆగండి. ముందు ఒకరు కిందకి వెళ్లి ఫ్లోర్‌బోర్డులు ఎత్తి నీళ్లు వస్తున్నాయా చూడాలి. నీళ్లు ధారగా వస్తుంటే రాయి మీదే ఉండటం మంచిది కావచ్చు, లోతులోకి లాగేస్తే అక్కడ మునిగిపోతుంది. నీళ్లు లేవు, అడుగు బురదో ఇసుకో అయితే వచ్చిన దారినే మెల్లగా వెనక్కి ప్రయత్నించండి, అందరూ ఒక పక్కకి వెళ్లి బోట్‌ని వాలిస్తే డ్రాఫ్ట్ కొంచెం తగ్గుతుంది, డింగీలో (బోట్‌తో వచ్చే చిన్న పడవ) లంగరు తీసుకెళ్లి లోతు వైపు వేసి వించ్‌తో (తాడు చుట్టి లాగే పరికరం) లాక్కోవచ్చు. అడుగు రాయి అయితే వాల్చడం, ఊపడం వద్దు, ప్రతి ఊపుకీ జాయింట్ మీద ఇంకో దెబ్బ. ఇంజిన్ వాడుతుంటే కూలింగ్ నీళ్లు బయటికి వస్తున్నాయా చూస్తూ ఉండండి, ఇసుక పీల్చుకుని మూసుకుపోతుంది. వేరే బోట్ లాగుతామని వస్తే వచ్చిన దిశలోనే వెనక్కి లాగమనండి, పక్కకి లాగితే అంత బరువూ కీల్ జాయింట్‌ని మెలిపెడుతుంది.

నీళ్లు అదుపులో లేకపోతే వీహెచ్‌ఎఫ్ రేడియో ఛానెల్ 16లో మేడే (ప్రాణాపాయం అని చెప్పే పిలుపు) ఇవ్వండి, రేడియో మీద ఆపద సిగ్నల్ పంపే డీఎస్‌సీ ఎర్ర బటన్ నొక్కండి. ప్రమాదం ఉంది కానీ ఇంకా ప్రాణాల మీదకి రాలేదంటే పాన్-పాన్ అనే అత్యవసర పిలుపు. ఫోన్ సిగ్నల్ ఉంటే గ్రీస్ కోస్ట్ గార్డ్ 108, క్రొయేషియా సముద్ర రెస్క్యూ 195, యూరప్‌లో ఎక్కడైనా 112. మన 108 అంబులెన్స్ నంబర్ కాబట్టి గ్రీస్‌ది అసలు మర్చిపోరు. పిల్లలకి కూడా ఆ ఎర్ర బటన్ ఎక్కడుందో, ఎంతసేపు పట్టుకుని నొక్కాలో మొదటి రోజే చూపించండి.

బయటపడ్డాక కీల్ మీద అనుమానం ఉంటే

తగిలింది, లేచింది, బోట్ మామూలుగానే వెళ్తోంది. ఇక్కడే అందరూ ఊపిరి పీల్చుకుని లంచ్ గురించి మాట్లాడతారు. మీరు మాత్రం బిల్జ్ ఆరబెట్టి, టిష్యూ పెట్టి, మొదటి గంట పది పదిహేను నిమిషాలకోసారి, తర్వాత గంటకోసారి చూడండి. చెక్-ఇన్ రోజు తీసిన ఫోటోలు పక్కన పెట్టుకుని గ్రిడ్ మూలలు పోల్చండి, ఆ ఫోటోల అసలు ఉపయోగం ఇదే.

కీల్ వదులైందని బోట్ కొన్ని రకాలుగా చెప్తుంది: ఒక వైపు నుంచి ఇంకో వైపుకి వాలినప్పుడు కింద నుంచి ధబ్ మని మోత, అలల్లో అడుగు నుంచి వణుకు, మామూలు గాలికే ఎక్కువ వాలడం, ఎక్కడిదో తెలియని ఉప్పు నీళ్లు పంపు చేసినా మళ్లీ రావడం, అందులోనూ వాలినప్పుడే ఎక్కువ రావడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సెయిలింగ్ ఆపేయండి. తెరచాపలు దించి, ఇంజిన్ మీద నెమ్మదిగా, అలలు పక్క నుంచి కొట్టకుండా దగ్గర్లో ఉన్న రేవుకి వెళ్లండి, మీ బేస్‌కి కాదు, దగ్గర్లో ఉన్నదానికి. కోస్ట్ గార్డ్‌కి పాన్-పాన్ ఇచ్చి ఎక్కడున్నారో చెప్పి ఉంచండి. సంకోచం వద్దు, బోర్లా పడ్డాక మాస్ట్ పైన ఉన్న యాంటెన్నా నీళ్లలో ఉంటుంది, అప్పుడు ఆ రేడియో పనికిరాదు, చేతిలో పట్టుకునే వీహెచ్‌ఎఫ్ ఒకటే దిక్కు, దాన్ని ఛార్జ్ చేసి స్కిప్పర్ జాకెట్‌కి తగిలించి ఉంచండి.

అందరూ పైన కాక్‌పిట్‌లో ఉండాలి, నిద్రపోతున్న పిల్లల్ని కూడా లేపి తీసుకురండి. ఆటోమేటిక్‌గా ఉబ్బే జాకెట్ వేసుకుని కింద క్యాబిన్‌లో ఉన్నవాళ్లు బోట్ బోర్లా పడితే బయటికి మునిగి రాలేరు, జాకెట్ పైకి నొక్కేస్తుంది. లైఫ్ రాఫ్ట్ ఎక్కడుందో, దాని తాడు బోట్‌కి కట్టి ఉందో లేదో చూడండి, లాకర్ అడుగున ఫెండర్ల కింద ఉంటే ఇప్పుడే బయటికి తియ్యండి. ఈపర్బ్ గానీ పీఎల్‌బీ గానీ (ఉపగ్రహం ద్వారా ఆపద సిగ్నల్ పంపే పరికరాలు) ఉంటే నావిగేషన్ టేబుల్ మీద కాదు, మనిషి ఒంటి మీద ఉండాలి. 2011 ఫాస్ట్‌నెట్ రేస్‌లో రాంబ్లర్ 100 అనే 100 అడుగుల బోట్ కీల్ విరిగి క్షణాల్లో తిరగబడింది, 21 మంది ఉన్నారు, 16 మంది హల్ పైకి ఎక్కారు, ఐదుగురు నీళ్లలో దూరంగా కొట్టుకుపోయి ఒకరినొకరు పట్టుకుని ఉన్నారు. అందరూ బతికారు. విడిపోకుండా ఒక్క గుంపుగా ఉంటే వెతికేవాళ్లకి కనిపిస్తారు, చలి కూడా కొంచెం తగ్గుతుంది. బోర్లా పడ్డ హల్ తేలుతున్నంతసేపు దాన్ని వదిలి ఈదుకుంటూ వెళ్లొద్దు.

ఫోన్ చెయ్యండి, రాయండి

గ్రౌండింగ్ ఎంత చిన్నదైనా అదే రోజు బేస్‌కి ఫోన్ చెయ్యండి. ఎందుకు దాస్తారో నాకు తెలుసు. డిపాజిట్ ఒకటి, హాలిడే ఆగిపోతుందన్న బాధ ఇంకొకటి, గ్రీస్‌లో అయితే పోర్ట్ పోలీస్‌కి విషయం వెళ్తే సర్వేయర్ వచ్చి చూసి పేపర్ ఇచ్చేదాకా బోట్‌ని కదలనివ్వకపోవచ్చు, రెండు రోజులు పోవచ్చు. పోతే పోనివ్వండి, రేవులో కూర్చుని చేపల పులుసు తినొచ్చు. కానీ మీరు దాచిన దెబ్బతో వచ్చే శనివారం ఇంకో ఫ్యామిలీ చిన్నపిల్లలతో అదే బోట్ ఎక్కుతుంది, వాళ్లు మీలాగా ఫ్లోర్‌బోర్డులు ఎత్తి చూసే రకం కాకపోవచ్చు, చూసినా విడిపోయిన గ్రిడ్ కనిపించకపోవచ్చు. ఆ బోట్ అడుగున ఏం జరిగిందో లోకంలో తెలిసింది మీ ఒక్కరికే. దీని ముందు 3000 యూరోలు లెక్కలోకి రావు.

ఫోన్ తర్వాత రాతలో కూడా పంపండి: తేదీ, టైమ్, జీపీఎస్ పొజిషన్, అప్పటి స్పీడ్, రాయా ఇసుకా బురదా, ముందు నుంచి తగిలిందా పక్క నుంచా, ఎంతసేపు ఇరుక్కుంది, ఎలా బయటికొచ్చింది, లాగితే ఏ వైపు లాగారు, బిల్జ్‌లో నీళ్లు ఎంత, ఫోటోలు. ఇదే లాగ్‌బుక్‌లో కూడా. ఈ వివరాలుంటే సర్వేయర్ ఎక్కడ చూడాలో నేరుగా అక్కడే చూస్తాడు, దెబ్బ దిశ తెలియడం వాళ్లకి సగం పని.

చెక్-అవుట్ రోజు క్రొయేషియాలో చాలా బేస్‌లు డైవర్‌ని దింపి అడుగు చూపిస్తాయి. డైవర్ చూసేది బయట, గ్రిడ్ ఉండేది లోపల, కాబట్టి డైవర్ ఓకే అన్నాడు అయిపోయింది అనుకోకుండా లోపల కూడా చూడమనండి. బేస్ మనిషి భుజం తట్టి ఏం పర్లేదు, ఇక్కడ అందరికీ తగులుతుంది, జెల్‌కోట్ రాసేస్తాం అంటే మాటలతో గొడవ పడొద్దు, నవ్వుతూనే చెక్-అవుట్ షీట్‌లో గ్రౌండింగ్ అయ్యింది, తర్వాతి చార్టర్‌కి ముందు బోట్ లిఫ్ట్ చేసి కీల్ జాయింట్, గ్రిడ్ చూడమని కోరాం అని మీ చేత్తో రాసి, సంతకాలు అయ్యాక కాపీ ఫోటో తీసుకోండి. బుకింగ్ ఏజెంట్ ద్వారా వెళ్లి ఉంటే అదే ఫోటో వాళ్లకీ ఈమెయిల్ చెయ్యండి. చాలా ఫ్లీట్లలో బోట్ ఓనర్ వేరే ఉంటాడు, కంపెనీ నడుపుతుంది అంతే, ఓనర్ పేరు పేపర్ల మీద కనిపిస్తే ఆయనకీ పంపండి, తన బోట్ లిఫ్ట్ చేయించాలన్న తొందర అందరికంటే ఆయనకే ఎక్కువ ఉంటుంది.